కేస్ ఇంటర్వ్యూలో మనవాళ్లు తడబడేది ఎక్కడ?

రాత పరీక్షలో, ఆప్టిట్యూడ్‌లో అనంతపురం పిల్లలకు ఢోకా లేదు. వ్యాపారాలకు సలహాలిచ్చే కన్సల్టింగ్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు పేచీ అంతా ‘కేస్’ రౌండ్‌తోనే. వ్యాపార సమస్య ఒకటి నాలుగు ముక్కల్లో చెప్పి, ‘ఏం చేద్దాం?’ అంటారు. వివరాలు సగం చెప్పరు. అవి అడిగి రాబట్టుకోవాలి. మనవాళ్లు అడగరు. తల వంచుకుని ఐదు నిమిషాలు లెక్కేసి, జవాబు చెప్పేసి, హమ్మయ్య అనుకుంటారు.

దీనికి వాళ్లను తప్పు పట్టలేం. ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. కావాల్సిన వివరమంతా ప్రశ్నలోనే ఉంటుంది, జవాబు నాలుగు ఆప్షన్లలో ఉంటుంది. ఆ పద్ధతిలో ఏళ్ల తరబడి తోమిన బుర్ర అది. క్లాసులో ఎదురు ప్రశ్న వేస్తే పొగరనిపించుకోవడం సరేసరి.

మన దగ్గరి కేసే ఒకటి తీసుకుందాం. ఒక చీనీ (బత్తాయి) రైతుకు నిరుడూ ఈ ఏడూ దిగుబడి 10 టన్నులే, రేటు టన్నుకు 20 వేలే, ఖర్చు లక్షన్నరే అనుకుందాం. అయినా లాభం తగ్గింది. ఎందుకు? లాభమంటే రాబడిలోంచి ఖర్చు తీసేయడం, రాబడి అంటే రేటును దిగుబడితో హెచ్చవేయడం. యూట్యూబ్ పాఠం ఇక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ అంకెలేవీ మారలేదు. ‘తూకం ఎలా వేస్తారు సార్?’ అని అడిగినవాడికే ‘సూట్’ సంగతి, అంటే తూకంలో వ్యాపారి కోసుకునే బరువు సంగతి బయటపడుతుంది. ఈసారి వ్యాపారి టన్నుకు క్వింటా చొప్పున సూట్ కింద మినహాయించుకున్నాడు. అంటే డబ్బు ముట్టింది 9 టన్నులకే. రాబడి 2 లక్షల నుంచి లక్షా 80 వేలకు దిగింది, లాభం 50 వేల నుంచి 30 వేలకు పడిపోయింది. రాబడిలో కోత 10 శాతమే అయినా లాభంలో 40 శాతం ఎగిరిపోయింది. ఈ తేడా పట్టుకుని, ‘ముందు తూకం సంగతి తేల్చాలి, మందుల ఖర్చు తర్వాత చూద్దాం’ అన్న అభ్యర్థిని ప్యానెల్ ఊరికే వదులుకోదు.

‘రాబడిలోంచి ఖర్చు తీసేస్తే లాభం’ లాంటి చట్రాలు, అంటే ఫ్రేమ్‌వర్కులు వద్దని కాదు. ఎక్కడ వెతకాలో అవి చెబుతాయి, ఏం దొరుకుతుందో చెప్పవు. ఇంగ్లిష్ భయం కూడా ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. యాస ఎలా ఉన్నా, ‘మొదట ఇది చూస్తాను, ఎందుకంటే...’ అని వరస తప్పకుండా చెప్పగలిగితే చాలావరకు గట్టెక్కినట్టే.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మెకిన్సే, బీసీజీ, బెయిన్ లాంటి పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు ఫ్రెషర్ల కోసం ఎక్కువగా చూసేది ఐఐటీలు, ఐఐఎంల వైపే. మన క్యాంపస్‌ల వాళ్లకు దగ్గరి దారి డెలాయిట్, ఈవై లాంటి సంస్థల హైదరాబాద్ ఆఫీసుల్లోని అనలిస్ట్ ఉద్యోగాలు. అందులో చిన్నతనమేమీ లేదు.

కాలేజీల సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ) క్లాసుల మీదే నా అసలు ఫిర్యాదు. గంటల కొద్దీ ఆప్టిట్యూడ్ షార్ట్‌కట్లు, ‘మీ గురించి చెప్పండి’కి బట్టీ జవాబులు. అందులో సగం సమయం కేసులకు ఇస్తే చాలు. పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టాలి. ఒకరి చేతిలో అంకెల కాగితం, రెండోవారి చేతిలో తెల్ల కాగితం. అడిగిన అంకె మాత్రమే చెప్పాలి. లెక్చరర్లు పక్కనే ఉన్నా అందించకూడదు. మొదటి వారం క్లాసంతా నిశ్శబ్దంగా ఉంటుంది, ఉండనివ్వండి.