పిల్లలున్న జంటకి పిల్లల్లేని ఫోటోలు తియ్యమనకండి

ఒడిశా బరంపురంలో ఫోటోలు తీసి బతికే మా అందరికీ ఈ మాట అలవాటే. నిశ్చితార్థం ఫోటోలకి అన్నీ మాట్లాడుకుని, అడ్వాన్సు చేతిలో పెట్టి, వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి చెప్తారు: "అమ్మాయికి రెండో పెళ్ళండి. పిల్ల ఉంది. ఫోటోల్లో పడకుండా చూడండి, బాగోదు." ఈ మాట అనేది పెళ్ళికూతురూ కాదు, పెళ్ళికొడుకూ కాదు. ఏ మేనత్తో, పెద్దమ్మో, సంబంధం కుదిర్చిన పెద్దమనిషో. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇన్నాళ్ళూ ఆ గుమ్మం దగ్గరే జవాబు చెప్పి ఊరుకున్నాను. ఈరోజు అందరూ చదివేలా రాస్తున్నాను.

ఎవరికి బాగోదండీ?

నిశ్చితార్థం రోజు ఏం జరుగుతుందో ఒకసారి తలుచుకోండి. రెండు వైపుల పెద్దలూ ఎదురెదురుగా కూర్చుంటారు, తాంబూలాలు మార్చుకుంటారు, లగ్నపత్రిక రాయిస్తారు, ఉంగరాలు తొడిగిస్తారు. మా ఊళ్ళో తెలుగిళ్ళకీ ఒడియా ఇళ్ళకీ సంబంధాలు కలవడం కొత్తేమీ కాదు, కాబట్టి ఒక్కోసారి అదే పూట ఒడియావాళ్ళ నిశ్చితార్థం, వాళ్ళు "నిర్బంధ" అనేది కూడా జరుగుతుంది. పద్ధతి ఏదైనా ఆ రోజు ఇచ్చుకునేది మాట. ఈ అమ్మాయి ఇక మా ఇంటి మనిషి అని పదిమందిలో చెప్పడం. ఆ అమ్మాయికి ఐదేళ్ళ కూతురుంటే ఆ మాట కూతురికి వర్తించదా? పెళ్ళయ్యాక ఇల్లు మారేది ఆ పిల్లకి, బడి మారేది ఆ పిల్లకి. ఇన్నాళ్ళూ అమ్మ పక్కలో పడుకున్న పిల్ల ఇంకో మంచం మీదకి మారాలి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకుంటూ పెరిగిన పిల్ల రేపట్నుంచి అన్నం కూడా ఒడియాలో అడగాల్సి రావచ్చు. పెద్దవాళ్ళిద్దరికంటే ఎక్కువ సర్దుకోవాల్సింది ఆ చిన్నదే. అలాంటప్పుడు ఆ పిల్లని పక్కింట్లో దిగబెట్టి రమ్మని ఏ నోటితో అంటారు?

మొన్న చలికాలంలో గోపాలపూర్ బీచ్‌లో ఒక జంటకి ఫోటోలు తీశాను. అమ్మాయి ఈ ఊరి తెలుగమ్మాయి, భర్త పోయాడు, చిన్న కొడుకున్నాడు. అబ్బాయి ఛత్రపురం వైపు ఒడియా కుర్రాడు, అతనికి ఇదే మొదటి పెళ్ళి. వాళ్ళతో వచ్చిన ఒకావిడ దిగీ దిగగానే, "ఆ గుంటడిని కార్లోనే కూచోబెట్టండర్రా, అమ్మమ్మ చూసుకుంటాది" అంది. పెళ్ళికూతురు తల దించుకుంది. నేను నోరు తెరిచేలోగా ఆ కుర్రాడే వెళ్ళి కారు తలుపు తీసి పిల్లాణ్ణి దింపాడు. వీడు లేకపోతే నాకు ఈ ఫోటోలే అక్కర్లేదని ఆవిడ మొహం మీదే చెప్పాడు. ఆ మాటకి ఆ అబ్బాయి మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

పిల్లాడు మాత్రం అతని చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోమని నేనూ అనలేదు, వాళ్ళమ్మనీ అననివ్వలేదు. వాడు ఇసకలో పీతల కన్నాలు తవ్వుకుంటూ కూర్చున్నాడు. కొంతసేపటికి ఆ కుర్రాడు కొత్త పంచె మడిచి పక్కన కూలబడి తనూ తవ్వడం మొదలుపెట్టాడు. అమ్మాయి వాళ్ళిద్దరి వెనక నిలబడింది. నేను దూరం నుంచి పెద్ద లెన్సుతో తీశాను. ఎవరూ కెమెరా వైపు చూడలేదు. ఆ రోజు తీసినవాటిలో వాళ్ళు పెద్దది చేయించి గోడకి పెట్టుకున్నది అదే.

ఈ దాచే జబ్బు పాతది. వితంతువుల పెళ్ళికి చట్టం 1856లోనే వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి మా గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1936లో ఒడిశా ఏర్పడ్డాక కదా ఇటు వచ్చింది. ఆ పెళ్ళి చేసినవాళ్ళనీ, వెళ్ళినవాళ్ళనీ ఎలా వెలివేశారో చదివినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు వెలి లేదు. హాలు తీసుకుంటాం, భోజనాలు పెడతాం, బంధువులందరినీ పిలుస్తాం. మొదటి పెళ్ళి గుర్తులు మాత్రం కంటికి కనబడకూడదంటాం. ఆ గుర్తు మనం చెప్పేదంతా వింటూ, అమ్మ కొంగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటుంది. మగవాడికి రెండో పెళ్ళైతే ఈ గోల సగం కూడా ఉండదని కూడా చెప్పాలి. "పాపం, తల్లిలేని పిల్లలు" అని ముందు వరసలో నిలబెడతారు. ఆడదాని పిల్లలకే కారులో కూర్చునే శిక్ష.

ఇటు వైపు తప్పు ఇది. అటు వైపు ఇంకో రకం మొదలైంది, అది కూడా నాకు మింగుడుపడదు. పిల్లల్ని తెస్తారు, తెచ్చి అలంకారంలా వాడుకుంటారు. "మా అమ్మ పెళ్ళికి రండి" అని రాసిన పలక మూడేళ్ళ పిల్ల మెడలో వేలాడదీస్తారు. రీలు కోసం "నాన్నా అని పిలువమ్మా, ఇంకోసారి, గట్టిగా" అని చెప్పించుకుంటారు. ఆ పిలుపు నెలకొస్తుందో, ఏడాదికొస్తుందో, అసలు రాదో! అంకుల్ అంటే అంకుల్ అననివ్వండి. చెప్పించుకున్న పిలుపు ఆ పిల్లకి బరువు. మైకు ముందు ఆ మాట అనలేక గుక్కపట్టి ఏడ్చిన పాపని చూశాను, పక్కనే వీడియో తీస్తున్నవాడు "ఏడుపు కూడా బాగా వచ్చిందండి" అన్నాడు. కెమెరా పట్టుకునే మాకే బుద్ధి లేకపోతే ఇంకెవరికి చెప్పాలి?

మొదటి పెళ్ళిళ్ళలో అక్క పిల్లల్నీ, అన్న పిల్లల్నీ తెచ్చి నిలబెట్టేవాళ్ళకీ ఇదే మాట. గుచ్చుకునే నెట్టు గౌను, కరిచే కొత్త చెప్పులు, మా బరంపురం ఉక్కలో మెడదాకా బొత్తాలు పెట్టిన షేర్వానీ. దానికి తోడు రంగుల పొగ. ఆ పొగ చిన్నపిల్లల పక్కన వదలకండి, ఊపిరి తిరగక దగ్గుతారు. డ్రోన్ రెక్కలు తిరుగుతుంటే పిల్లలు దాన్ని పట్టుకోవాలనే పరిగెడతారు, అది కింద ఉన్నంతసేపూ వాళ్ళని ఒకరు ఎత్తుకునే ఉండాలి.

దీనికి మా ఊరివాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఠాకురాణి యాత్రలో వేషం కట్టి ఊరంతా తిప్పితే తిరుగుతారు, ఇక్కడ గంటసేపు నిలబడలేరా?" రెండేళ్ళకోసారి వచ్చే ఆ అమ్మవారి యాత్రలో మొక్కు కోసం పిల్లలకి వేషాలు కట్టడం మాకు తరతరాలుగా ఉన్నదే, నేనూ అది చూస్తూ పెరిగినదాన్నే. కానీ అక్కడ పిల్లాడు కదులుతుంటాడు. డప్పులుంటాయి, తోటి పిల్లలుంటారు, అమ్మ చంకలో ఉంటుంది చోటు. కదలకు, ఇటు చూడు, నవ్వు, మళ్ళీ నవ్వు అని ఎవరూ అనరు. నిద్రొస్తే ఆ వేషంతోనే భుజం మీద పడి నిద్రపోతాడు, అమ్మవారేమీ అనుకోదు. కెమెరా ముందు ఆ వెసులుబాటు ఇచ్చారా మీరు?

ఇక పని సంగతి. గోపాలపూర్‌లో సాయంత్రం ఫోటోలు కావాలని పట్టుబడతారు, గోవా వీడియోలు చూసి. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, దిగేది ఊరి వెనక్కి. నీళ్ళమీద బంగారం కావాలంటే పొద్దున్నే రావాలి, జనవరిలోనైతే దాదాపు ఆరున్నరకి. పిల్లలకీ అదే మేలు. రాత్రి నిద్రపోయి లేచి ఉంటారు, ఎండ ఉండదు, జనం ఉండరు. సాయంత్రానికి వాళ్ళకి చిరాకూ, ఆకలీ, నిద్రా ఒకేసారి వస్తాయి. అక్కడి అలలు నమ్మదగ్గవి కావు, ఒడ్డు ఉన్నట్టుండి లోతుకి దిగిపోతుంది. పిల్లల పాదాలు తడిచే ఫోటో కూడా నేను ఒప్పుకోను, పొడి ఇసక చాలు. నీళ్ళు లేకపోతే వెలితిగా ఉందంటే రంభ వెళ్ళి చిలికా గట్టున తీసుకోండి, అక్కడైనా గట్టుకి దూరంగానే.

పిల్లలున్న ఫోటోలు ముందే తీసెయ్యాలి, అరగంటకి మించకూడదు. తర్వాత వాళ్ళని అమ్మమ్మతో పంపేసి, జంటని ఎంతసేపైనా తీసుకోవచ్చు. నేను మోకాళ్ళమీద కూర్చునే తీస్తాను. నిలబడి కిందకి తీస్తే పిల్ల ఎవరో దారి తప్పి ఫ్రేములోకి వచ్చినట్టుంటుంది. పరిగెత్తే పిల్ల మసకగా పడకుండా షట్టరు వేగం సెకనులో 500వ వంతుకి తగ్గనివ్వను. ముగ్గురూ ముందువెనకలుగా ఉంటే వెనక మసకగా కరిగిపోయే మోజు వదులుకుని ఎపర్చరుని, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నాన్ని, 5.6 దాకా మూస్తాను. లేకపోతే పెళ్ళికూతురు స్పష్టంగా వస్తుంది, పిల్ల మొహం మసకబారుతుంది. బట్టలకి జత కుదరాలని కష్టపడకండి. పాతదైనా వాళ్ళకి ఇష్టమైన గౌను వెయ్యండి, అమ్మ బరంపురం పట్టుచీర అంచు రంగు ఎక్కడో ఒకచోట కలిస్తే సరిపోతుంది. మరమరాలు తెచ్చుకోండి. చాక్లెట్ వద్దు, మూతంతా పూసుకుంటారు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారెయ్యను. "పోయినవాడి అమ్మానాన్నలు ఈ ఫోటోలు చూస్తే ఏమైపోతారు?" నిజమే. కోడలు ఇంకో ఇంటికి వెళ్ళినా మనవడు మనవడే. వాళ్ళకి కొడుకు పోయాడు, ఇప్పుడు మనవడు కూడా పోతున్నాడేమో అన్న భయం. వాళ్ళు ఫోన్లో ఎవరో పంపితే చూసుకునే గతి పట్టించకండి. ముందే వెళ్ళి కూర్చుని చెప్పండి. "అత్తయ్యా, ఆదివారం ఫోటోలు, బాబుని కూడా తీసుకెళ్తున్నాం" అని ఆ అమ్మాయే చెబితే మంచిది. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళూ ఉంటారు. పర్లాకిమిడిలో ఒక నాయనమ్మ, "నా మనవణ్ణి ఇంకొకరి పక్కన చూసే ధైర్యం నాకు ఇంకా రాలేదమ్మా" అని ఏడ్చింది. ఆ జంట పిల్లాడితోనే ఫోటోలు తీయించుకున్నారు, ఇంట్లో దాచుకున్నారు, ఎక్కడా పెట్టలేదు, ఎవరికీ పంపలేదు. నాకూ పెట్టొద్దని చెప్పారు, నేను పెట్టలేదు. ఆ పెద్దావిడ దుఃఖానికి విలువ ఇచ్చారు, పిల్లాడి చోటు పిల్లాడికి ఇచ్చారు.

విడాకులైన చోట ఇంకా జాగ్రత్త కావాలి. పిల్ల ఎవరి దగ్గరుండాలన్న కేసు కోర్టులో నడుస్తుంటే ఫోటో బయట పెట్టే ముందు మీ వకీలుని అడగండి. కేసు లేకపోయినా బడి పేరు కనబడే ఫోటో, ఇంటి వీధి తెలిసే ఫోటో పెట్టకండి. తోటి ఫోటోగ్రాఫర్లకి కూడా చెప్తున్నాను, పిల్లలున్న ఫోటోని మన పేజీలో ప్రకటనకి వాడుకోవాలంటే తల్లిదండ్రుల్ని విడిగా అడగండి. డబ్బిచ్చి తీయించుకున్నారంటే అనుమతి ఇచ్చేసినట్టు కాదు.

ఈ మధ్య నేను అడ్వాన్సు తీసుకునే ముందే అడుగుతున్నాను: పిల్ల వయసెంత, పగలు ఏ వేళకి నిద్రపోతుంది, దేనికి భయం, పెళ్ళికొడుకుని ఏమని పిలుస్తుంది, ఫోటోల సంగతి తనకి చెప్పారా? పిల్లే రానని మొండికేస్తే బలవంతం లేదు. అన్నీ ఆలోచించుకుని తల్లే వద్దంటే అది ఆమె ఇష్టం, నేను ఎదురు చెప్పను. మేనత్త వద్దంటే మాత్రం, అడ్వాన్సు వెనక్కిచ్చేసి ఇంకో ఫోటోగ్రాఫర్‌ని చూసుకోమంటున్నాను.