టెండన్ గాయంలో వాపు శత్రువు కాదు

మడమ వెనుక అకిలీస్ టెండన్ తెగినవారు ఆ క్షణాన్ని దాదాపు ఒకే మాటల్లో చెబుతారు. ఎవరో వెనక నుంచి పిక్క మీద బలంగా తన్నినట్టు అనిపించిందని, తిరిగి చూస్తే అక్కడ ఎవరూ లేరని అంటారు. తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. మంచుగడ్డ పెడతారు, వాపు తగ్గించే మాత్ర వేస్తారు, ఎర్రబడి ఉబ్బిన ఆ చోటు ఎంత త్వరగా చల్లబడితే అంత మంచిదని నమ్ముతారు. ఈ నమ్మకం తప్పని నా గట్టి అభిప్రాయం. ఆ వాపు లోపల పనిచేస్తున్నవి గాయాన్ని మాన్పడానికి వచ్చిన రోగనిరోధక కణాలు. వాటిని వచ్చీ రాగానే అణచివేసే మందులు నొప్పిని తగ్గిస్తూనే, మానాల్సిన గాయాన్ని వెనక్కి లాగగలవు. భయపడాల్సింది వచ్చిన వాపు పని ముగించుకుని వెళ్లకుండా ఉండిపోయినప్పుడు. చికిత్స ఈ తేడా మీద నిలబడాలి.

కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాన్ని, అంటే టెండన్‌ను, వాడుకలో చాలామంది నరం అనేస్తారు. నిజానికి అది పేనిన తాడు వంటిది. కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు కట్టలుగా, ఆ కట్టలు మళ్లీ పెద్ద కట్టలుగా అమరి ఉంటాయి. పరుగెత్తేటప్పుడు అకిలీస్ టెండన్ మీద శరీర బరువుకు 12 రెట్ల వరకు బలం పడుతుందని కొలిచి చూశారు. ఇంత భారం మోసే ఈ తాడులో కణాలు తక్కువ, రక్తనాళాలు మరీ తక్కువ. 1950లు, 60ల నాటి అణుపరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14ను గడియారంలా వాడుకుని డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టారు. అకిలీస్ టెండన్ నడిమి భాగం సుమారు 17 ఏళ్ల వయసుకల్లా తయారైపోతుంది, ఆ తర్వాత అది దాదాపుగా కొత్తబడదు. 40 ఏళ్ల మనిషి పరుగెత్తుతున్నాడంటే కౌమారంలో పేనిన తాడు మీదే పరుగెత్తుతున్నాడన్నమాట. తనను తాను ఇంత తక్కువగా మార్చుకునే కణజాలం తెగిపోతే, దానిని అతికించే సాయం చాలావరకు బయటి నుంచే రావాలి. ఆ సాయం రక్తంతో వస్తుంది, అందులో ముందు నడిచేవి రోగనిరోధక కణాలే.

తెగిన చోట రక్తం గడ్డకట్టిన కొద్ది గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు చేరుకుంటాయి. చిరిగిన పోగులను, చచ్చిన కణాలను కరిగించే ఎంజైములను అవి వెదజల్లుతాయి. ఈ పనిలో పక్కనున్న మంచి కణజాలానికి కూడా కొంత దెబ్బ తగులుతుంది, అది దాచాల్సిన విషయం కాదు. వీటి ఆయుష్షు చాలా తక్కువ. ఒకటి రెండు రోజులు గడిచేసరికి వీటిలో చాలా భాగం చచ్చి అక్కడే పడి ఉంటాయి, అదే సమయానికి రక్తంలోని మోనోసైట్లు అనే మరో రకం తెల్లరక్తకణాలు గాయంలోకి దిగి మాక్రోఫేజ్‌లుగా, అంటే స్థూలభక్షక కణాలుగా, మారుతుంటాయి. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసే ఘట్టం ఇక్కడే ఉంది. మొదట్లో ఈ మాక్రోఫేజ్ ఐఎల్-1, టీఎన్‌ఎఫ్ వంటి సంకేతాలు పంపుతూ మంటను, అంటే వాపు వెనక కణాలు నడిపే శోథ ప్రక్రియను, ఎగదోస్తుంది. కానీ చచ్చిన న్యూట్రోఫిల్‌ను మింగి అరిగించుకునే క్రమంలో దాని స్వభావమే మారుతుంది. మంటను పెంచే సంకేతాలు తగ్గించి, చల్లార్చే ఐఎల్-10ను, కొత్త కణజాలం అల్లమని ఫైబ్రోబ్లాస్టులను పురిగొల్పే టీజీఎఫ్-బీటాను, కొత్త రక్తనాళాలను పిలిచే వీఈజీఎఫ్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. శిథిలాన్ని ఎత్తిపోసిన చేతులే గోడ కట్టడానికి తాపీ పట్టుకున్నట్టు ఉంటుంది ఆ మార్పు. మొదటిరకం, రెండోరకం అని పాఠ్యపుస్తకాలు మాక్రోఫేజ్‌లను రెండు పెట్టెల్లో సర్దినా, గాయంలో అవి ఆ రెండింటి మధ్య ఎన్నో మెట్ల మీద కనిపిస్తాయి.

నా వాదనకు ఇరుసు ఈ మలుపే. శిథిలాలు తీయడం పూర్తయితేనే కట్టడం సరిగా మొదలవుతుంది, తీయడానికి వచ్చిన కణాన్ని తినడమే కట్టేవాడికి అందే ఆజ్ఞ. మొదటి దశను మందుతో కుదించేస్తే రెండో దశ దానికదే ముందుకు జరగదు, దానికి అందాల్సిన సంకేతం బలహీనపడుతుంది. ఇక మలుపు తిరగకుండా మొదటి దశే సాగుతూ పోతే మచ్చ కణజాలం పేరుకుంటుంది, చుట్టూ ఉన్న పొరలకు టెండన్ అతుక్కుపోతుంది. మధుమేహం ఉన్నవారిలో టెండన్ గాయాలు ఆలస్యంగా మానడానికి ఉన్న కారణాలలో మంట త్వరగా సద్దుమణగకపోవడం కూడా ఒకటి. అంతా సవ్యంగా జరిగినా, ముందు అల్లుకునేది సన్నని మూడోరకం కొల్లాజెన్. అది బలమైన మొదటిరకానికి చోటిచ్చి, పోగులు లాగుడు దిశలో బారులు తీరడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైగా పడుతుంది.

ఈ రంగం ఒక పేరు వల్ల చాలా కాలం దారి తప్పింది. పాత వైద్యులు టెండన్ నొప్పి అంతటినీ టెండినైటిస్ అన్నారు, అంటే మంట అని. 1976లో ఇటలీ వైద్యులు టెండినోసిస్, అంటే మంట లేని క్షీణత, అనే మాటను ముందుకు తెచ్చారు, ఆ తర్వాతి దశాబ్దాల్లో శస్త్రచికిత్సలో తీసిన ముక్కల్లో మంట కణాలు కనబడక, మంట అనేదే ఒక అపోహ అనేంత వరకు వాదన వెళ్లింది. ఆ ముక్కలు ఎప్పటివి? నెలలు, ఏళ్లు నొప్పి భరించి చివరికి బల్ల ఎక్కినవారివి. పెళ్లి అయిపోయిన మర్నాడు పందిట్లోకి వెళ్లి, చుట్టాలెవరూ రాలేదని రాసుకున్నట్టయింది. 2010లో గ్లాస్గో పరిశోధకులు భుజంలో వ్యాధి ఇంకా తొలిదశలో ఉన్న టెండన్‌ను పరీక్షిస్తే మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు, టి-కణాలు అనే రోగనిరోధక కణాలు స్పష్టంగా కనిపించాయి. 2015లో ఆక్స్‌ఫర్డ్ బృందం మరో అడుగు వేసి, తొలిదశలో మంటను నడిపే సంకేతాలు, ముదిరిన దశలో నడిపేవి వేరువేరని చూపింది. నాకు ఇందులో ముఖ్యమైనది ఆ రెండో సంగతే. మంట ఉందా లేదా అని అడగడం చాలదు, అది ఏ దశలో ఉందని అడగాలి.

ఈ దశల లెక్కను ఒక చిన్న ప్రయోగం ఎంతో స్పష్టంగా చూపింది. 2004లో స్వీడన్ పరిశోధకులు ఎలుకల అకిలీస్ టెండన్‌ను కోసి, పారెకాక్సిబ్ అనే మంట తగ్గించే మందును కొన్నిటికి మొదటి రోజుల్లోనే ఇచ్చారు, కొన్నిటికి ఆ రోజులు దాటాక మొదలుపెట్టారు. మొదట్లోనే మందు పడిన ఎలుకల టెండన్ బలహీనంగా మానింది. ఆలస్యంగా పడినవాటిలో కణజాలపు నాణ్యత మెరుగుపడింది. మందు ఒకటే, గాయం ఒకటే, తేదీ ఒక్కటే మారింది, ఫలితం తలకిందులైంది. ఎలుకలో కనిపించినదంతా మనిషిలో అలాగే జరగాలని లేదు, నిజమే. అయినా ఒకే మందు తేదీని బట్టి హానీ మేలూ రెండూ చేయగలదని తెలిసిన తర్వాత కూడా, తేదీతో నిమిత్తం లేకుండా అదే మాత్రను అదే మోతాదులో రాసే అలవాటును నేను సమర్థించలేను.

మనుషుల్లో సాక్ష్యం కావాలంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల చరిత్ర ఉంది. టెండన్ నొప్పులకు ఇచ్చే ఈ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుందని, ఆ తర్వాత లెక్క ఎదురు తిరగవచ్చని 2010లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రచురించిన సమీక్ష తేల్చింది. 2013లో జామా పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పరీక్షలో టెన్నిస్ ఎల్బో, అంటే మోచేతి టెండన్ నొప్పి, ఉన్న 165 మంది పాల్గొన్నారు. ఏడాది గడిచేసరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో 96 శాతం మంది పూర్తిగా గానీ చాలావరకు గానీ కోలుకోగా, స్టెరాయిడ్ పొందినవారిలో అలా కోలుకున్నవారు 83 శాతం. నొప్పి తిరగబెట్టింది ఉత్తుత్తి సూది వేసుకున్నవారిలో 12 శాతానికైతే, స్టెరాయిడ్ వేసుకున్నవారిలో 54 శాతానికి. స్టెరాయిడ్ టెండన్ కణాల మీద నేరుగా కూడా దెబ్బకొడుతుంది కాబట్టి నేరమంతా మంటను అణచడం మీదే మోపలేం. కానీ నాలుగో వారంలో రోగి ముఖంలో కనిపించిన ఉపశమనాన్ని నయం కావడంగా లెక్కగట్టిన మన పద్ధతి మాత్రం ఈ అంకెల ముందు నిలబడదు.

ఎదుటి పక్షానికీ బలమైన ఆధారం ఒకటుంది. 2008లో జరిగిన ఒక ప్రయోగంలో, ఎలుకల మోకాలి ఎముకలోని సొరంగంలో అమర్చిన టెండన్ ముక్క చుట్టూ మాక్రోఫేజ్‌లను మందుతో తగ్గించినప్పుడు మచ్చ తగ్గి, అతుకు మరింత గట్టిపడింది. మాక్రోఫేజ్‌లే మచ్చకు మూలమని, అవి తగ్గితే మేలని దీనిని చూపి వాదిస్తారు. పైగా నొప్పి తగ్గకపోతే రోగి కాలు కదపడు, కదపకపోతే టెండన్ బలపడదు. రెండింటినీ నేను ఒప్పుకుంటాను. అయితే ఎముకలో బిగించిన ముక్క అతుక్కోవడం, తెగిన తాడు కలుసుకోవడం ఒకే పని కాదు. నొప్పిని తగ్గించడానికి, మంట తొలిదశను మొత్తంగా నొక్కేయడానికి మధ్య కూడా చాలా దూరం ఉంది.

ఆ కణాలు తగ్గితే మేలన్న వాదన అసలు తడబడేది బల్లిని పోలిన ఆక్సోలాటల్ అనే ఉభయచరం దగ్గర. తెగిన కాలును ఎముక, కండరం, టెండన్‌తో సహా మళ్లీ మొలిపించుకోగల జీవి అది. 2013లో ఆస్ట్రేలియాలో పరిశోధకులు దాని మాక్రోఫేజ్‌లను తొలగించి కాలు కోశారు. గాయం మూసుకుంది, మచ్చ కట్టింది, కాలు మాత్రం మొలవలేదు. మాక్రోఫేజ్‌లు తిరిగి చేరాక మళ్లీ కోస్తే కాలు మొలిచింది. మచ్చ లేకుండా మానడానికి ఆ కణాలు తప్పుకోవాలన్న లెక్క ఇక్కడ పూర్తిగా తిరగబడింది. పుట్టిన కొద్ది రోజులకే టెండన్ తెగిన ఎలుక పిల్లలో టెండన్ కణాలే ముందుకొచ్చి, కాలు పనితనం తిరిగి వచ్చేలా దానిని పునర్నిర్మిస్తాయి. పెద్ద ఎలుకలో అదే గాయం మచ్చతో ముగుస్తుంది. ఆ తేడాలో రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచే నియంత్రక టి-కణాల పాత్ర ఎంతో తేల్చే పనిలో ఇప్పుడు ప్రయోగశాలలు ఉన్నాయి.

ఇంత సాక్ష్యం ఉన్నా మనకు ఈ కణాల మీద అపనమ్మకం ఎందుకు పోదని ఆలోచించినప్పుడల్లా నా చూపు వాటి పేరు దగ్గర ఆగుతుంది. రోగనిరోధక కణాలు అన్నాం, అంటే రోగాన్ని అడ్డుకునేవి. ఆ పేరు విన్న మనసులో సైనికులు, దాడులు, యుద్ధం తప్ప మరో బొమ్మ మెదలదు. రోగమే లేని చోట, సూక్ష్మజీవి లేని చోట సైన్యం దిగిందంటే అది పొరపాటనే అనుకుంటాం, వెనక్కి పంపాలని చూస్తాం. వాపు అనే మాట కూడా మనకు ఇలాంటి చిక్కే తెచ్చింది. నీరు చేరి ఉబ్బడాన్నీ, కణాల స్థాయిలో జరిగే శోథ ప్రక్రియనూ ఒకే మాటతో పిలుస్తాం, ఉబ్బు తగ్గగానే లోపలి పని కూడా అయిపోయిందనుకుంటాం. వాపును చూసి బలుపు అనుకోవద్దని హెచ్చరించిన భాష మనది. బలం కూడగట్టే పనిని కేవలం వాపు అనుకోవద్దని చెప్పే సామెత మాత్రం మనకు లేదు.

ఈ కణాల శాస్త్రం పుట్టిన ప్రయోగాన్ని గుర్తుచేసుకుంటే ఆ యుద్ధపు బొమ్మ ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో రష్యా జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ కుటుంబమంతా సర్కస్ చూడటానికి వెళ్లింది, ఆయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు మిగిలాడు. గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకాల చర్మం కింద గులాబీ ముళ్లు గుచ్చి రాత్రంతా ఎదురుచూశాడు. తెల్లవారేసరికి కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఆ పరిశీలన నుంచి ఎదిగిన కృషికే 1908లో ఆయనకు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ముల్లు రోగం కాదు, గాయం. రోగనిరోధక కణాల శాస్త్రం మొదటి అడుగు గాయం దగ్గరే పడింది. తర్వాతి కాలంలో టీకాలు, సూక్ష్మజీవుల వెలుగులో మనం ఆ కణాల పోరాటాన్ని మాత్రమే గుర్తుంచుకుని, మరమ్మతు పనిని మరిచాం.

మరమ్మతును మళ్లీ గుర్తించే సూచనలు లేకపోలేదు. విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగు సూత్రాల సలహాను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా క్రీడావైద్యుడు గేబ్ మిర్కిన్, మంచు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో తానే ఒప్పుకున్నారు. మెత్తని కణజాల గాయాలకు 2019లో వచ్చిన కొత్త సలహా తొలి రోజుల్లో మంట తగ్గించే మందులకు దూరంగా ఉండమంటోంది. కానీ మరోవైపు, మందుల స్థానంలో రోగి రక్తం నుంచే తీసిన, పెరుగుదల సంకేతాలు మోసే ప్లేట్‌లెట్లు నిండిన ప్లాస్మా సూదులు వచ్చి అదే పొరపాటును కొత్త రూపంలో చేస్తున్నాయి. దీర్ఘకాలిక అకిలీస్ నొప్పికి ఆ సూది ఉత్తుత్తి సూదిని మించి పనిచేయలేదని 2010లో 54 మందితో, 2021లో 240 మందితో జరిగిన పరీక్షలు రెండూ చెప్పాయి. అక్కడి మాక్రోఫేజ్‌లు ఏ దశలో నిలిచిపోయాయో చూడకుండా పెరుగుదల సంకేతాలను కుమ్మరిస్తే అవి ఎవరికి అందుతాయి? తదుపరి పరీక్షల్లో రోగులను నొప్పి తీవ్రతను బట్టి కాక, గాయమైన రోజును, కణజాలంలో కనిపించే రోగనిరోధక దశను బట్టి విడదీయాలి, ఫలితాన్ని నాలుగో వారంలో కాక ఏడాది చివర కొలవాలి. ఈలోగా టెండన్ తెగినవారికి రాసే చీటీలో మందు పేరు పక్కన మరో రెండు అంకెలు ఉండాలని కోరుతున్నాను: గాయమైన ఎన్నో రోజున దానిని మొదలుపెట్టాలి, ఎన్నో రోజున ఆపాలి.