తాతకు దగ్గులు నేర్పే సదస్సు

"రైతుల్లో అవగాహన కల్పించాల్సిన అవసరం ఎంతైనా ఉంది."

ఆగ్రోఎకాలజీ (రసాయనాలను కాకుండా ప్రకృతి తీరునే నమ్ముకుని చేసే సాగు) మీద జరిగిన ఒక్క సదస్సైనా ఈ వాక్యం లేకుండా ముగిసిందని ఎవరైనా చూపిస్తే నేను కాలమ్ రాయడం మానేస్తాను. 'ఎంతైనా' అంటే ఎంతో ఎవరూ చెప్పరు. కల్పించేవాళ్లెవరో మాత్రం చెప్పక్కర్లేదు, వేదిక మీద కూర్చున్నవాళ్లే.

అయినా రైతుకు తెలియనివి నిజంగానే చాలా ఉన్నాయండీ. అపరాల మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుందని, ఏళ్ల తరబడి ఒకే పంట వేస్తే పురుగు అక్కడే కాపురం పెడుతుందని, రెండు మూడు పంటలు కలిపి వేస్తే ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తుందని పాపం రైతుకు ఎవరు చెప్పాలి? 1928లో బేసిల్ బెన్సిన్ అనే రష్యన్ శాస్త్రవేత్త 'ఆగ్రోఎకాలజీ' అన్న మాట వాడేదాకా, అంతకు ముందు పదివేల ఏళ్లు, వీళ్లు ఏదో గుడ్డిగా పంటలు కలిపేసి, మార్చేసి, పెంటపోగులు వేసేసి మనుషుల్ని బతికించేశారు. అవగాహన లేకుండానే!

ఈమధ్య నేనూ ఒక సదస్సుకు వెళ్లాను. హాలు బ్రహ్మాండంగా ఉంది. బయట భూమి వేడెక్కిపోతోందన్న స్లైడు చూసి ఒళ్లు జలదరించాలంటే ఆమాత్రం ఏసీ ఉండాలి కదా. వేదిక వెనక బ్యానర్ మీద రైతు ఫొటో, నవ్వుతున్నాడు. వేదిక మీదున్న రైతు ఆయనొక్కడే. ప్రారంభోపన్యాసం అయింది, కీలకోపన్యాసం అయింది, ప్రత్యేక ఉపన్యాసం అయింది, ఎరువుల కంపెనీ ఆయన 'సుస్థిరత' గురించి మాట్లాడాడు (టీలు వాళ్లవేనట, అందుకని ఎవరూ గంట కొట్టలేదు). నేల ఆరోగ్యం మీద గంటసేపు ఊదరగొట్టిన ప్రొఫెసరుగారు లోపలికి వస్తూ బూట్లకు అంటిన మట్టిని గుమ్మం దగ్గర ఎంత శ్రద్ధగా తుడుచుకున్నారో నేను కళ్లారా చూశాను. చివరికి, భోజనాల వాసన హాల్లోకి వచ్చేశాక, కార్యక్రమ పత్రంలో ఆఖరి లైను వచ్చింది: 'రైతు స్పందన, మూడు నిమిషాలు'.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది.

"సార్, మందులు మానేస్తే మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గొచ్చని మీరే బొమ్మేసి చూపించారు. ఆ రెండు మూడేళ్లు నా అప్పు ఎవరు కడతారు?"

"మంచి ప్రశ్నమ్మా" అన్నాడు అధ్యక్షుడు. మంచి ప్రశ్న అన్నారంటే జవాబు లేదని అర్థం.

"నాది కౌలు పొలం సార్. నేను మూడేళ్లు కష్టపడి నేలను బాగుచేశాక, పొలం బాగుందని ఓనరు వెనక్కి తీసుకుంటే?"

"ఇదీ మంచి ప్రశ్నే."

"పోనీ పండింది ఎవరు కొంటారు? ఎంతకు కొంటారు?"

గంట మోగింది. వందన సమర్పణ చేసిన పెద్దమనిషి గొంతు సవరించుకుని, "ఈ తల్లి అడిగిన ప్రశ్నలను బట్టి రైతుల్లో ఇంకా ఎంత అవగాహన కల్పించాలో మనకు అర్థమవుతోంది" అన్నాడు. చప్పట్లు! ఆవిడ కూడా కొట్టింది, పక్కవాళ్లు కొడుతున్నారని.

అవగాహన ఉన్నవాళ్లు తయారుచేసిన ఏర్పాట్లు ఎలా ఉంటాయో చూడండి. పొలంలో విషం చల్లేవాడికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. చల్లనివాడు మాత్రం తను చల్లలేదని కాగితాల మీద రుజువు చేసుకోవాలి, తనిఖీకి ఫీజు కట్టాలి, ఏళ్లు ఆగాలి, పక్క పొలంలోంచి మందు గాలికి కొట్టుకొస్తే దానికీ తనే జవాబు చెప్పుకోవాలి. తాగినవాణ్ని వదిలేసి, తాగనివాణ్ని రోజూ ఊదమన్నట్టుంది.

విత్తనం సంగతీ అంతే. సొంత విత్తనం దాచుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కని 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఎనిమిది దేశాలు వద్దని ఓటేశాయి, యాభై నాలుగు తటస్థంగా కూర్చున్నాయి. ఇంకోపక్క కొత్త పంట రకాలు తయారుచేసినవాళ్లకు వాటి మీద హక్కులిచ్చే యూపీఓవీ అనే అంతర్జాతీయ ఒప్పందం, 1991 నాటిది, ఉంది. దాని ప్రకారం, హక్కులున్న రకమైతే దాచిన గింజను పక్కింటివాడికి ఇవ్వకూడదు, సొంత పొలంలో వేసుకోవాలన్నా ఆ దేశపు చట్టం దయతలచాలి. గింజ ఇచ్చిపుచ్చుకోవడాన్ని నేరం చేసినవాళ్లు వచ్చి రైతుకు 'జీవవైవిధ్యం' మీద కరపత్రం పంచుతారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థలే మూడు కలిసి లెక్క తేల్చాయి. ప్రభుత్వాలు ఏటా సుమారు 54 వేల కోట్ల డాలర్లు సాగుకు మద్దతంటూ ఖర్చుపెడుతుంటే, అందులో 87 శాతం ధరల్ని వంకర చేసేదో, ప్రకృతికీ మనుషులకూ కీడు చేసేదో! ఆ ఖర్చుల చిట్టా రాసింది రైతా? ఐదెకరాల లోపు కమతాలు ప్రపంచంలో 84 శాతం, వాళ్ల చేతిలో ఉన్న సాగుభూమి 12 శాతం, అందులోంచి వాళ్లు తీస్తున్నది ప్రపంచపు తిండిలో మూడో వంతు. ఎవరికయ్యా అవగాహన లేనిది? డబ్బు మీరు తప్పుదారిలో పోస్తారు, భూమి వాళ్లకు ఇవ్వరు, ధర ఇవ్వరు, నష్టం వస్తే దగ్గరికి రారు, పైగా మైకు పట్టుకుని వాళ్లకే పాఠం చెబుతారా? సిగ్గుండాలి.

శ్రీలంక గుర్తుచేస్తారని తెలుసు. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువులు రాత్రికి రాత్రి నిషేధించారు, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. "చూశారా, మీ ఆగ్రోఎకాలజీ!" అంటారు. ఏం చూడాలి? పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది, కింద రైతు మునిగాడు. అడిగి చేశారా? ఆగడానికి రెండు మూడేళ్ల ఆసరా ఇచ్చారా? ఆవిడ అడిగిందీ అదే కదా.

అడిగి చేసిన చోటు కూడా ఉంది. క్యూబాలో 1997 నుంచి రైతు సంఘమే 'రైతు నుంచి రైతుకు' అనే పద్ధతి పట్టుకుంది. ఒకరి పొలానికి ఇంకొకరు వెళ్లడం, చూసి తమ పొలంలో కొంచెం చేసి చూసుకోవడం, అంతే. పన్నెండేళ్లు తిరిగేసరికి లక్ష కుటుంబాలు దాటాయి. వేదిక లేదు కాబట్టి వందన సమర్పణ కూడా ఉండి ఉండదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2019లో ఆమోదించిన ఆగ్రోఎకాలజీ పది అంశాల్లో కూడా 'జ్ఞానాన్ని కలిసి సృష్టించుకోవడం, పంచుకోవడం' అని ఒకటుంది. మా సదస్సులో అది ఏడో స్లైడు. "సమయాభావం వల్ల" దాటేశారు.

వచ్చే నెల ఇంకో సదస్సు ఉందని మొన్న ఆహ్వానం వచ్చింది. అంశం 'రైతుల్లో అవగాహన: సవాళ్లు, అవకాశాలు'. బ్యానర్ మీద ఈసారి ఆవిడ ఫొటో ఉంది, ఆ మూడు నిమిషాల్లో తీసిందే. ఫొటోలో నవ్వుతోంది. ఆరోజు నవ్వినట్టు నాకైతే గుర్తులేదు.