పని నేర్పని ఇంజినీరింగ్ చదువు ఇంకెన్నాళ్లు?

ఏటా ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని లింకులు తిరగడం మొదలవుతుంది. ఎనిమిది వారాల వర్చువల్ ఇంటర్న్‌షిప్, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత, చివర్లో సర్టిఫికెట్ గ్యారంటీ. విద్యార్థి ఇంట్లో కూర్చుని కొన్ని వీడియోలు చూస్తాడు, కొన్ని క్విజ్‌లకు టిక్కులు పెడతాడు. ఆ క్విజ్‌ల సమాధానాలు కూడా అదే గ్రూపులో దొరుకుతాయి. చివరికి ఒక పీడీఎఫ్ వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, రిపోర్టుతో కలిపి స్పైరల్ బైండింగ్ చేయించి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేస్తే ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టే. అతను ఏ కంపెనీ గేటూ దాటలేదు, ఏ సూపర్‌వైజర్ చేతా మాట పడలేదు, సొంతంగా ఒక్క రూపాయి సంపాదించలేదు.

విద్యార్థిని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. కాలేజీ అడిగింది సర్టిఫికెట్, అతను తెచ్చిచ్చింది సర్టిఫికెట్. నిబంధనలకు మాత్రం కొదవలేదు. 2018లో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) మోడల్ కరిక్యులమ్ తెచ్చినప్పుడు బీటెక్ క్రెడిట్లను 160కి తగ్గించి, 600 నుంచి 700 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో మినీ ప్రాజెక్టో ఇంటర్న్‌షిప్పో ఏదో ఒకటి చూపిస్తే సరిపోతుంది. ఆ ప్రాజెక్టులు అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్యుమెంటేషన్‌తో సహా రెడీమేడ్‌గా దొరుకుతాయని తెలియనివాళ్లు లేరు. ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకేసి 2020లో డిగ్రీ కోర్సులకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిదే. కానీ ఎక్కడికి వెళ్లాలో వెతుక్కునే భారం చాలా చోట్ల విద్యార్థి నెత్తినే పడింది. పేరున్న కంపెనీ ఒక్కటీ లేని మండలంలో చదువుకునే అమ్మాయి ఎవరి గుమ్మం తొక్కాలి?

పని నేర్చుకోవడాన్ని వేసవి సెలవుల్లో పూర్తిచేసే లాంఛనంగా ఉంచినంత కాలం ఇది మారదు. పని కూడా ఒక సెమిస్టరే కావాలి. దానికి జీతం ఉండాలి, చోటు చూపించే బాధ్యత కాలేజీది కావాలి, అక్కడి పనితీరుకు మార్కులుండాలి. ప్రపంచం దీన్ని కో-ఆప్ అంటోంది. మన బీటెక్, డిప్లొమా చదువుల్లో కనీసం రెండు సెమిస్టర్లు ఇలా మారాలన్నది నా వాదన. ఐచ్ఛికంగానో, ర్యాంకర్లకు మాత్రమేనో కాకుండా అందరికీ.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ హెర్మన్ ష్నైడర్ 1906లో 27 మందితో దీన్ని మొదలుపెట్టారు. విద్యార్థుల్ని జంటలుగా విడగొట్టారు. ఈ వారం ఒకరు క్లాసులో ఉంటే రెండోవారు ఫ్యాక్టరీలో ఉండేవారు, వచ్చే వారం తారుమారు. దీంతో ఫ్యాక్టరీకి ఏడాది పొడవునా మనిషి ఉన్నట్టే, కాలేజీకి ఏడాది పొడవునా విద్యార్థి ఉన్నట్టే. ఎవరి పనీ ఆగలేదు. యూనివర్సిటీ పెద్దలు ఒక్క ఏడాదికని ఒప్పుకున్న ఆ పద్ధతి 120 ఏళ్లుగా నడుస్తోంది. కెనడాలో 1957లో పుట్టిన వాటర్లూ యూనివర్సిటీ అయితే ఈ పునాది మీదే లేచింది. అక్కడ ఇంజినీరింగ్ అంటేనే నాలుగు నెలలు చదువు, నాలుగు నెలలు జీతం వచ్చే ఉద్యోగం. ఒంటారియో ప్రభుత్వం ఇలాంటి విద్యార్థిని తీసుకున్న కంపెనీకి ఒక్కో విడతకు 3,000 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇస్తుంది.

ఇవన్నీ మన ఇళ్లకు తెలియనివి కావు. గుంటూరులో, కరీంనగర్‌లో ఏ వీధిలో అడిగినా సీపీటీ, ఓపీటీ అంటే ఏమిటో చెప్పే తల్లిదండ్రులున్నారు. అమెరికాలో ఎంఎస్ చేసే పిల్లలకు చదువులో భాగంగా చేసే పనికి సీపీటీ, చదువయ్యాక ఏడాది ఓపీటీ, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులైతే ఇంకో 24 నెలలు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పంపిస్తున్నప్పుడు మనం కొనుక్కుంటున్నది డిగ్రీ ఒక్కటేనా? ఆ డిగ్రీకి కట్టి ఉన్న పని అవకాశం కూడా. చదువులో పని ఒక భాగమని అంత డబ్బు పోసి అంగీకరిస్తున్న తెలుగు సమాజం, ఇక్కడి కాలేజీని ఆ ప్రశ్న ఎందుకు అడగదు?

ఇక్కడ సాధ్యం కాదనే మాటకు మన దేశమే జవాబు చెప్పింది. బిట్స్ పిలానీ 1973 నుంచి ప్రాక్టీస్ స్కూల్ నడుపుతోంది. రెండో ఏడాది తర్వాత వేసవిలో ఒకసారి, చివర్లో ఐదారు నెలలు ఇంకోసారి విద్యార్థి కంపెనీలో ఉంటాడు, మార్కులేసే బాధ్యత ఫ్యాకల్టీది. ఆ బిట్స్ క్యాంపస్ ఒకటి మన శామీర్‌పేటలోనే ఉంది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే బాలానగర్ వెళ్లండి. 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి పాసైన పిల్లలు డైలు, మోల్డులు చేయడం నేర్చుకుంటారు. చదువు, టూల్‌రూమ్ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. మన పాలిటెక్నిక్‌లలో కూడా కెమికల్, సిరామిక్, మెటలర్జీ లాంటి బ్రాంచీలు మూడున్నరేళ్ల శాండ్‌విచ్ కోర్సులుగా నడిచేవి. మధ్యలో నెలల తరబడి ఫ్యాక్టరీలో ట్రైనింగ్. అలా చదివి ప్లాంట్లలో షిఫ్ట్ ఇన్‌చార్జిలైన తరం ఇప్పటికీ మన మధ్య ఉంది. అయినా మనం ఇంజినీరింగ్ సీట్లు పెంచుకుంటూ పోయామే తప్ప, ఈ పద్ధతిని పెంచలేదు.

పని దగ్గర ఏం నేర్చుకుంటారో క్లాసులో చెప్పడం కష్టం. మెకానికల్ విద్యార్థి సంగతే చూడండి. మెషిన్ టూల్స్ ల్యాబ్‌లో ఒక లేత్ చుట్టూ పదిహేను మంది నిలబడతారు. స్టెప్ టర్నింగ్, టేపర్ టర్నింగ్ చేసి చూపించేది ల్యాబ్ టెక్నీషియన్. పిల్లలు కొలతలు రాసుకుంటారు. చాలా చోట్ల అవి కూడా సీనియర్ రికార్డులోంచి వస్తాయి. రావలసిన జవాబు ముందే తెలుసు కాబట్టి రీడింగులు దానికి తగ్గట్టు వెనక నుంచి అల్లుతారు. అదే కుర్రాడిని జీడిమెట్లలో ఒక చిన్న మెషిన్ షాపులో పెట్టండి. డ్రాయింగ్‌లో టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, 20 మైక్రాన్లని ఉంటుంది. డయల్ గేజ్ పెట్టి జాబ్‌ను సెంటర్ చేయడం రాకపోతే ఆ ముక్క రిజెక్ట్ అవుతుంది, మెటీరియల్ ఖర్చు ఓనరుకి పడుతుంది, సాయంత్రం డెలివరీ ఆగిపోతుంది. తప్పుకు ఒక ధర ఉందని, ఆ ధర ఇంకొకరు కడతారని అప్పుడు తెలుస్తుంది. ఆ రోజు తర్వాత అతను రీడింగులు అల్లడు.

ఎలక్ట్రికల్ వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు చేస్తారు, ఎఫిషియెన్సీ లెక్కగడతారు. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపామనే అనుమతి) తీసుకోకుండా లైన్‌మన్ స్తంభం ఎక్కడని, ఆ ఎల్‌సీ పుస్తకంలో పెట్టే సంతకం ఒక మనిషి ప్రాణమని సిలబస్‌లో ఏ యూనిట్‌లో ఉంది? కంప్యూటర్ సైన్స్‌కి ఇవన్నీ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ ఉంటే చాలంటారు. అది ఇంకా పెద్ద పొరపాటు. కాలేజీలో రాసే ప్రతి ప్రోగ్రామూ ఖాళీ ఫైలుతో మొదలవుతుంది. ఉద్యోగంలో అలాంటి రోజులు అరుదు. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ ఉంటుంది, దాని మీద వేలమంది ఆధారపడి ఉంటారు, అందులో ఒక లైను మార్చాలి. మారిస్తే ఇంకెక్కడ ఏం పాడవుతుందో తెలియదు. రెండు రోజులు చదివి, సీనియర్‌ని మూడు ప్రశ్నలు అడిగి, ఒక్క లైను మార్చి, రివ్యూలో దాన్ని సమర్థించుకోవడం ఇంజినీరింగ్. కృత్రిమ మేధ ఖాళీ ఫైలు నింపే పనిని క్షణాల్లో చేసేస్తున్న ఈ రోజుల్లో, ఫ్రెషర్‌కి మిగిలే విలువంతా ఈ రెండో రకం నైపుణ్యంలోనే ఉంది. అది వీడియోలు చూస్తే రాదు.

ఇన్ని లక్షల మందికి కంపెనీలు ఎక్కడి నుంచి వస్తాయని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పిల్లల్ని చవక కూలీలుగా వాడుకుంటారన్న భయం కూడా నిజమే. అందుకే స్టైపెండ్ చట్టబద్ధం కావాలంటున్నాను, అందుకే ఫ్యాకల్టీ వెళ్లి చూడాలంటున్నాను. కంపెనీల సంగతికొస్తే, 1961 అప్రెంటిస్ చట్టం మన దగ్గర ఉంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన. దాన్ని గట్టిగా అమలు చేసిన దాఖలా ఉంటే చోట్లు లేవన్న మాట వినేవాణ్ని. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం చూడండి: ఐదేళ్లలో కోటి మందికి, నెలకు 5 వేలు, 500 పెద్ద కంపెనీల్లో. కానీ దాన్ని తెచ్చినప్పుడు రెగ్యులర్‌గా చదువుకుంటున్నవాళ్లను అర్హులుగా చూడలేదు! చదువు ముగిశాక, ఉద్యోగం దొరకనివాళ్లకు ఇచ్చే ఊరటగానే ప్రభుత్వం ఇంటర్న్‌షిప్‌ని చూసింది. చదువుతున్నప్పుడు కావలసింది చదువయ్యాక ఇవ్వాలనుకున్నారు.

అయితే కంపెనీల కొరతకన్నా లోతైన అడ్డంకి మన మనసుల్లో ఉంది. మార్కులు తక్కువొచ్చిన పిల్లాడిని మన ఇళ్లలో ఏమని బెదిరిస్తాం? చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తానంటాం. గేదెలు కాసుకుంటావంటాం. చేతులకు గ్రీజు అంటడం ఓడిపోయినవాడి గుర్తని ఐదో తరగతికే నూరిపోసి, పన్నెండేళ్ల తర్వాత అదే పిల్లాడిని ఇంజినీరు కమ్మంటున్నాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవాళ్లు, ఇంజిన్ బోర్ చేసేవాళ్లు, కంటిచూపుతో అలైన్‌మెంట్ చెప్పేవాళ్లు వందల్లో ఉన్నారు. పక్కనే కానూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఈ రెండిటి మధ్య రోజూ ఆటోలు తిరుగుతాయి కానీ, చదువు తిరగదు. ఆటోనగర్ మేస్త్రీని పిలిచి ఒక గంట క్లాసు చెప్పించిన కాలేజీ ఏదైనా ఉంటే చేతులెత్తి మొక్కుతాను.

దీని వెనక కులం ఉంది. వడ్రంగి, కమ్మరి, కంచరి, చేనేత, కుమ్మరి ఇళ్లలో తరాలుగా పేరుకున్న సాంకేతిక జ్ఞానాన్ని మన విద్యావ్యవస్థ ఏనాడూ జ్ఞానంగా గుర్తించలేదు. ఆ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లవాడు మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌లో ఉలి పట్టుకుంటే క్లాసులో అందరికన్నా బాగా పట్టుకుంటాడు. కానీ ఆ సంగతి పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చిన తోటివాళ్ల ముందు వెనకబడ్డానన్న టెన్షన్‌తోనే నాలుగేళ్లు గడుపుతాడు. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించినప్పుడు చేతివృత్తి ద్వారానే చదువు చెప్పాలన్నారు. దాన్ని పల్లెటూరి పిల్లల బడికి సరిపోయే విషయంగా కొట్టిపారేశాం. పనికి సగం మార్కులు ఉన్న రోజున, మొదటి బెంచీలో ఎవరు కూర్చుంటారన్నది మారిపోతుంది. నాకు కో-ఆప్ మీద ఇంత పట్టుదల ఉండటానికి ఉద్యోగాల లెక్కకన్నా ఇదే పెద్ద కారణం.

చేయాలనుకుంటే పాలిటెక్నిక్‌ల నుంచి మొదలుపెట్టొచ్చు. ఆర్టీసీ డిపో గ్యారేజీలు ఇప్పటికే ఐటీఐ అప్రెంటిస్‌లను తీసుకుంటున్నాయి. అదే తలుపు డిప్లొమా, బీటెక్ వాళ్లకూ పూర్తిగా తెరవాలి. డిస్కంల సబ్‌స్టేషన్లు, మున్సిపాలిటీల నీటి పంపింగ్ కేంద్రాలు, జెన్‌కో ప్లాంట్లు అన్నీ ప్రభుత్వం చేతిలోనివే, ఏ ప్రైవేటు కంపెనీనీ బతిమాలనక్కర్లేదు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద గ్రాడ్యుయేట్‌కి ఇచ్చే కనీస స్టైపెండ్‌లో కేంద్రం సగం భరిస్తోంది. అదే సూత్రాన్ని చదువుతున్నవాళ్లకు రాష్ట్రాలు వర్తింపజేయాలి. అన్నిటికన్నా ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధన మారాలి. ఇప్పుడది 75 శాతం క్లాసు హాజరుకు ముడిపడి ఉంది. పని సెమిస్టర్‌లో కంపెనీ హాజరును క్లాసు హాజరుగా లెక్కించాలి. పిల్లలకు పని చోటు చూపించలేని కాలేజీకి ఆ సెమిస్టర్ ఫీజు విడుదల చేయకూడదు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్ లోపు ఈ ఒక్క జీవో తెప్పించగలిగితే, కాలేజీ యాజమాన్యాలే ఫైళ్లు పట్టుకుని కంపెనీల చుట్టూ తిరుగుతాయి.