‘మరికాసేపట్లో’ గారికి సెలవు లేఖ

మహారాజశ్రీ ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తా ఛానల్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట నీ స్క్రీన్ మీద ఏనాడూ కనపడదు కనక ఉత్తరంలో రాయాల్సి వచ్చింది.

మర్యాద అక్కడితో సరి, ఇక నువ్వనే పిలుస్తాం. ఇరవయ్యేళ్లు దాటిన పరిచయం మరి, కేబుల్ తీయించేస్తూ చెబుతున్న సెలవిది. 2003 డిసెంబరులో ఈటీవీ2, ఆ వెంటనే 2004 జనవరిలో టీవీ9 వచ్చేదాకా వార్తలకు ఒక వేళంటూ ఉండేది. దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ గారు చదివేవారు, ముగించేవారు, లేచి వెళ్లిపోయేవారు. వార్తలు అయిపోవడమనేది ఒకటుండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

నువ్వొచ్చి ఆ అయిపోవడాన్ని తీసేసి ‘మరికాసేపట్లో’ పెట్టావు. మరికాసేపట్లో ప్రెస్‌మీట్. మరికాసేపట్లో చార్జిషీటు. మరికాసేపట్లో తీరం దాటనున్న తుఫాను. తీరా ప్రెస్‌మీట్ మొదలయ్యేసరికి నువ్వు యాడ్స్‌లో ఉంటావు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో రాసుంది. ఆ గంట ఏ గడియారం ప్రకారమో నీకే ఎరుక.

నీ పనితనం చూడాలంటే ఓట్ల లెక్కింపు నాడే చూడాలి. ఉదయం 8కి తీసేవి పోస్టల్ బ్యాలెట్లు. ఈవీఎంల వంతు 8:30కి. హాల్లో మామూలుగా 14 టేబుళ్లు, అంటే 14 మెషీన్లు లెక్కపెడితే ఒక రౌండు. నియోజకవర్గంలో 280 పోలింగ్ కేంద్రాలుంటే 20 రౌండ్లు. తొలి రౌండులో ముందున్నది ఎవరన్నది చాలాసార్లు ముందుగా ఏ మండలం మెషీన్లు టేబులెక్కాయన్న సంగతే. నీకిది తెలీదా? మాకు నేర్పిందే నువ్వు. అయినా 8:10కే ‘దూసుకుపోయిన’ అభ్యర్థి 8:40కి ‘వెనకంజ’లో పడి, తొమ్మిదింటికి ‘అనూహ్యంగా పుంజుకునేవాడు’. మ్యాజిక్ ఫిగర్ ఆంధ్రప్రదేశ్‌కు 88, తెలంగాణకు 60 అని రెండు నిమిషాలకోసారి అరిచావు. మా పిల్లలకు రెండో ఎక్కం కన్నా ముందు అవే వచ్చాయి.

నిజంగా గుర్తుకొచ్చేది మాత్రం లైవ్‌లో ఆ మౌనం. యాంకరమ్మ ‘అక్కడ పరిస్థితి ఎలా ఉంది?’ అంటుంది. రిపోర్టరు ఇయర్‌పీస్ నొక్కుకుని, తీర్థం కోసం చెయ్యి చాచినవాడిలా కెమెరాకేసి చూస్తూ ఉండిపోతాడు. తప్పు అతనిది కాదు. శాటిలైట్ ఉన్నది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, మాట పైకెళ్లి కిందికి దిగడానికే పావు సెకను. బొమ్మను కుదించి పంపడానికి, ఇవతల విప్పడానికి ఇంకొంత. శాటిలైట్‌కు బొమ్మ పంపే ఓబీ వ్యానుకు బదులు సిమ్‌కార్డులు గుచ్చిన బ్యాక్‌ప్యాకయితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. చుట్టూ జనం గుమిగూడి తలా ఒక ఫోను తీశారంటే నెట్‌వర్కు ఊపిరాడక బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఈలోగా యాంకరమ్మ ఆగలేక అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. సరిగ్గా అప్పుడే మొదటిదానికి జవాబు మొదలవుతుంది. ఇద్దరూ ఆగుతారు. ఇద్దరూ ఒకేసారి అందుకుంటారు. ‘రైట్... చెప్పండి.’ రోజు మొత్తంలో నువ్వు తడబడేది అప్పుడే, అందుకే ముద్దొచ్చేది కూడా అప్పుడే.

ఫోన్ చేసిన వీక్షకుడితో ‘ముందు మీ టీవీ వాల్యూమ్ తగ్గించండి సార్’ అనేదానివి కదా, అదీ మరిచిపోలేం. ఆయన గదిలోని టీవీ మాట ఆలస్యంగా వచ్చి, ఫోన్లో దూరి, మళ్లీ నీ చెవికే చేరుతుంది. నీ గోల నువ్వే భరించలేకపోయిన సందర్భం అదొక్కటే.

తుఫాన్లలో ఉప్పాడ తీరాన రిపోర్టరు గాలికి వాలిపోతూ ‘నిలబడలేని పరిస్థితి’ అంటుంటే, వెనకాల ఎవరో లుంగీ ఎగ్గట్టుకుని తాపీగా నడిచిపోయేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు మాత్రం నటించే అవసరం రాలేదు. కాకపోతే విశాఖలో కరెంటే లేదు. దెబ్బతిన్నవాళ్లు తప్ప అందరూ నిన్ను చూశారు.

సెట్‌టాప్ బాక్సు ఆన్ చేయగానే నువ్వే రావడాన్ని చాలా ఇళ్లలో చనువనుకున్నారు. దాన్ని ల్యాండింగ్ పేజీ అంటారు. కేబుల్ కంపెనీకి డబ్బు కట్టి కొనుక్కునే చోటు. జనం సోఫా సందుల్లో రిమోట్ వెతుక్కునే అరనిమిషం కూడా నీ ఖాతాలో పడుతుందని ఆశ. 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా, ఎవరిని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ న్యూస్ ఛానళ్ల రేటింగులే ఆపేసింది. ఆ పదిహేడు నెలల్లో నీ గొంతేమైనా తగ్గిందా? రేటింగు కోసమే అరుస్తున్నావని అన్నవాళ్లందరూ నీకు క్షమాపణ బాకీ. అది నీ స్వభావం.

డబ్బు దగ్గర గొడవేం లేదు. 2019లో నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టిన లెక్క ప్రకారం అప్పట్లో మొదటి వంద ఛానళ్లకు కేబుల్ రుసుము గరిష్ఠంగా 130, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు ఉండేది. నీ జాతిలో చాలామంది ఉచితమే, ఖర్చంతా తీగకే. ఇప్పుడు ఫోన్లో యూట్యూబ్ లైవ్‌లోనూ దొరుకుతున్నావు, కేబుల్ కన్నా కొన్ని సెకన్లు వెనగ్గా. బ్రేకింగ్ న్యూస్ పక్కింటి గోడ దాటి ముందు వినపడుతుంది, తర్వాత మన ఫోన్లో బ్రేకవుతుంది.

ఇట్లు,
నీ మాజీ వీక్షకులు

తా.క.: బాక్సు, అడాప్టరు, రిమోటు ఒక సంచిలో వేశాం. అడుగున స్టిక్కరు మీదున్న వీసీ నంబరు, అంటే మా కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు, ఫోటో తీసి పెట్టుకున్నాం. అది చెప్పి కనెక్షన్ ఆపించకపోతే బిల్లు నీ స్క్రోలింగులా నడుస్తూనే ఉంటుంది. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేశాం. మరికాసేపట్లో వస్తానన్నాడు.