సబ్‌స్టాన్షియల్లీ గారికి, గుత్తి రోడ్డు షెడ్డు నుంచి

మహారాజశ్రీ సబ్‌స్టాన్షియల్లీ గారి దివ్యసముఖానికి,

ఇంగ్లీషులో 'ఇంచుమించుగా' అని అర్థమిచ్చే మాట తమరు. నిన్న మధ్యాహ్నం కూడా తమరి దయవల్లే గడిచింది. వెల్డింగు ఆపించి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఫోను ముందు కూర్చున్నాను. శెనక్కాయ వలిచే మా యంత్రానికి పేటెంటు ఇవ్వనన్నారని వేసిన అప్పీలు పిలిచేసరికి నాలుగు దాటింది. పది నిమిషాలు వాదించారు, పదీ తమరి గురించే. శెనక్కాయ అన్న మాట ఎవరి నోటా రాలేదు. మళ్లీ వాయిదా.

మా క్లెయిములో, అంటే యంత్రంలో నాదేదో చెప్పే దరఖాస్తు వాక్యంలో, తమరున్నది ఒక్కచోటే. డ్రమ్ముకూ జల్లెడకూ నడుమ సందు 'సబ్‌స్టాన్షియల్లీ ఒక కాయ మందం'. ఏ కాయ, అన్నాడు తిరస్కరించిన ఆఫీసరు. అడగాల్సిందే, క్లెయిము స్పష్టంగా ఉండాలని 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 10(5)లోనే ఉంది. కానీ స్వామీ, వాన పడిన ఏడు కాయ లావు, పడని ఏడు సన్నం. అనంతపురంలో ఏ ఏళ్లెక్కువో తెలుసుగా. సందు బిగిస్తే పప్పు బద్దలై విత్తనానికి పనికిరాదు. వదిలితే కాయ కాయలాగే కింద పడుతుంది. అందుకే ఆ ఏటి కాయను బట్టి తిప్పుకునే మర పెట్టాను. నేను చేసిందే అది!

పోనీ పన్నెండు మిల్లీమీటర్లని రాసుంటే? పక్క షెడ్డువాడు పదమూడు పెట్టి మీసం దువ్వుకుంటూ అమ్మేవాడు. ఇప్పుడు అంకె చేరుద్దామంటే సెక్షన్ 59 అడ్డం, మొదటి పత్రాల్లో లేనిది తర్వాత దూర్చకూడదట. మొదట్లోనే ఎందుకు వేయలేదంటే, తమరున్నారన్న ధైర్యం.

తమరి చుట్టాలూ తక్కువవాళ్లు కారు. చిల్లులంటే నామోషీ, 'ప్లూరాలిటీ ఆఫ్ అపర్చర్స్' అనాలి. పేజీన్నర క్లెయిముకు ఒక్కటే ఫుల్‌స్టాపు.

గిన్నెల్ని లేతు మీద పట్టి ఉంచే పరికరం పేటెంటు తగువు సుప్రీంకోర్టులో 1978లో తేలింది. వాళ్లు కనీసం అది కొత్తదా కాదా అని కొట్లాడుకున్నారు. నేను ఒక క్రియావిశేషణం కోసం లాయరును పోషిస్తున్నాను.

ఇంక గారూ లేదు, తమరూ లేదు. విను. పేటెంటు వస్తే ఇరవై ఏళ్లు. ఆ లెక్క దరఖాస్తు వేసిన రోజునుంచే మొదలు. నీ అర్థం తేలేలోపు నా ఏళ్లు కరిగిపోతున్నాయిరా!

నిన్న సాయంత్రం లాయరు నిన్ను కొట్టేద్దామన్నాడు. వద్దన్నాను. ఫోను పెట్టేసి లోపలికి పోతే మేస్త్రీ కుర్రాడికి జల్లెడ బిగించడం నేర్పిస్తున్నాడు. 'కొంచెం అటూ ఇటూగా కాయంత సందు వదులు రా' అన్నాడు. వాడు వదిలాడు. ఒక్క పప్పు పగల్లేదు.

ఇట్లు,
వాయిదాకు మళ్లీ హాజరయ్యేవాడు