బ్రిటిష్ సైన్యాన్ని ఆల్సాగా ఒక్కడే ఓడించలేదు

కొన్నాళ్లుగా ఒక పోస్ట్ తెగ షేర్ అవుతోంది. దాని సారాంశం: మార్తిన్ దె ఆల్సాగా అనే పేద కుర్రాడు స్పెయిన్ నుంచి బ్యూనస్ ఎయిర్స్ వెళ్లి స్వయంకృషితో పెద్ద వ్యాపారి అయ్యాడు, బ్రిటిష్ సైన్యాన్ని ఒంటిచేత్తో తరిమికొట్టాడు, జనం స్వేచ్ఛ కోసం నిలబడ్డాడు, చివరికి ఏ ఆధారమూ లేకుండా ఆయన్ని ఉరి తీశారు. సగం నిజం కలిసి ఉంది కాబట్టే నమ్మబుద్ధేస్తుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు స్వయంకృషి. 1755లో స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని అరమాయో లోయలో పుట్టాడు, పన్నెండేళ్లప్పుడు సముద్రం దాటాడు, కష్టపడ్డాడు, ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆయన్ని గుమాస్తాగా పెట్టుకుని పని నేర్పిన గాస్పర్ దె సాంతా కొలోమా కూడా బాస్క్ వాడే, అప్పటికే పేరున్న వ్యాపారి. మనవాడు అని చేరదీసే మనిషి ఉండటం చిన్న విషయం కాదు. అంతకన్నా ముఖ్యంగా, పోస్ట్‌లో ఎక్కడా చెప్పని సంగతి ఒకటుంది. ఆల్సాగా బానిసల వ్యాపారి. 1804లో జొవాకీన్ అనే ఆయన ఓడ మొజాంబిక్ నుంచి మాంతెవిడియో రేవు చేరింది. బయల్దేరినప్పుడు అందులో సుమారు 300 మంది ఆఫ్రికన్లు ఉన్నారు, దిగేటప్పటికి బతికున్నది 30 మంది. ఇంతమంది ఎందుకు చనిపోయారు, అంటురోగమా, తాగేందుకు నీళ్లు లేకనా అని డాక్టర్లు వాదించుకున్నారు, గొడవ కోర్టుకెక్కింది. ఆయన వ్యాపార దక్షత గురించి అన్ని పేరాలు రాసి ఈ ఓడ గురించి ఒక్క ముక్క రాయకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

ఇక ఒంటిచేత్తో గెలిచాడనే మాట. 1806 జూన్‌లో బ్రిటిష్ సేనాని బెరెస్‌ఫర్డ్ సుమారు 1,600 మందితో దిగి నగరాన్ని పట్టుకున్నాడు, అక్కడ స్పెయిన్ తరఫున పాలిస్తున్న వైస్రాయ్ సోబ్రెమాంతె ఖజానా తీసుకుని కోర్దోబా దారి పట్టాడు. ఆ సమయంలో ఆల్సాగా చాటుగా డబ్బు సమకూర్చాడు, మనుషుల్ని కూడగట్టాడు, బ్రిటిష్ వాళ్లున్న చోటుకి సొరంగం తవ్వించే పథకానికీ సాయం చేశాడు. కానీ ఆగస్టు 12న నగరాన్ని తిరిగి గెలిచిన సేనని నడిపింది ఫ్రాన్స్‌లో పుట్టిన నౌకాదళ అధికారి సాంతియాగో లినియేర్స్, అదీ మాంతెవిడియో నుంచి తెచ్చిన బలగంతో.

ఆల్సాగా అసలు ఘనత 1807లో బ్రిటిష్ వాళ్లు మళ్లీ దండెత్తినప్పుడు ఉంది, దాన్ని తక్కువ చేయను. అప్పుడాయన కబిల్దోలో, అంటే నగర సభలో, మొదటి ఆల్కాల్దె, అంటే ముఖ్య న్యాయాధికారి. జూలై 2న లినియేర్స్ ఊరి బయట ఓడిపోయాడు, ఇక అంతా అయిపోయిందనుకున్న రాత్రి ఆల్సాగా వీధుల్లో కందకాలు తవ్వించాడు, ఫిరంగులు పెట్టించాడు, దీపాలు వెలిగించి ఉంచమన్నాడు. 5న బ్రిటిష్ సేనాని వైట్‌లాక్ సైన్యం గుంపులు గుంపులుగా వీధుల్లోకి వస్తే మిద్దెల మీద నుంచీ కిటికీల్లోంచీ దాడి చేసింది మామూలు జనం, పత్రీసియోస్ లాంటి స్థానిక దళాలు, బానిసలు. సంధిలో బ్రిటిష్ వాళ్లు తమ చేతిలో ఉన్న మాంతెవిడియో కూడా ఖాళీ చేయాలని పట్టుబట్టింది మాత్రం ఆల్సాగానే. మరి పోరాడిన బానిసలకి ఏం దక్కింది? ఆ నవంబర్‌లో నడి కూడలిలో వాళ్ల పేర్లతో చీటీలు తీసి కొందరిని విడిపించారు, వాళ్ల యజమానులకి నష్టపరిహారం ఇచ్చారు. చీటీ రాని వాళ్లు ఎప్పటిలాగే యజమానుల ఇళ్లకి వెళ్లిపోయారు. విజయంలో వాటా ఉన్న ఇంతమందిని పక్కకి నెట్టి ఒక్కడి ఫొటో పెడితే అది చరిత్ర అవదు.

జనం స్వేచ్ఛ కోసం నిలబడ్డాడా? 1795లో ఫ్రెంచివాళ్లూ బానిసలూ కలిసి తిరగబడతారని పుకారు లేచినప్పుడు, ఆల్కాల్దెగా విచారణ నడిపింది ఈయనే. అంతోనీని అనే గడియారాలు బాగుచేసే ఇటలీ వాడిని ఒప్పుకోమని చిత్రహింస పెట్టించాడు. స్పెయిన్‌లోని కాదిజ్ రేవుతో ముడిపడ్డ గుత్త వ్యాపారం ఆయన వర్గానిది, విదేశీయులకి రేవు తెరవడం వాళ్లకి ససేమిరా ఇష్టం లేదు. 1809 జనవరి 1న లినియేర్స్‌ని దింపాలని ఆయన పక్షం తిరుగుబాటు చేస్తే, పత్రీసియోస్ నాయకుడు కోర్నేలియో సావేద్రా అణిచేశాడు. ఈ సావేద్రా కూడా వ్యాపారే, కబిల్దోలో పనిచేసినవాడే! అంటే అది స్వేచ్ఛకీ బానిసత్వానికీ మధ్య జరిగిన గొడవ కాదు, నగరం ఎవరి చేతుల్లో ఉండాలన్న గొడవ.

చివరిది, మరణం. 1810 విప్లవంతో వచ్చిన కొత్త ప్రభుత్వాన్ని కూల్చడానికి కుట్ర చేశాడన్న అభియోగంతో 1812 జూలై 6న ఆల్సాగాని ముందు కాల్చి చంపారు, తర్వాత శవాన్ని వేలాడదీశారు. విచారణ హడావుడిగా ముగించారన్న విమర్శ న్యాయమైనదే, ఆ కుట్ర కేసులో ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. కానీ ఏ ఆధారమూ లేదనడం తప్పు. కుట్ర సంగతి ముందుగా అధికారులకి చేరవేసింది నగరం పక్కనే బరాకాస్‌లో ఉండే వెంతూరా అనే బానిస. అందుకు ప్రతిఫలంగా అతనికి స్వేచ్ఛ ఇచ్చారు. కుట్ర ఎంత పెద్దది, అందులో ఆల్సాగా పాత్ర ఎంత అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. పోస్ట్ రాసినవాళ్లు ఆయన నిర్దోషి అని వాదించదలుచుకుంటే వాదించొచ్చు, కానీ వెంతూరా చెప్పినదానికి జవాబు చెప్పాకే.